‘ఆత్మకు శాంతి’ అనవచ్చా?

సందేహం: మా పెదనాన్నగారు పోయినప్పుడు బంధువుల వాట్సాప్ గ్రూపులో ‘ఆయన ఆత్మకు శాంతి కలగాలి’ అని రాశాను. ‘ఆత్మకు అశాంతి ఎక్కడిది? అది క్రైస్తవుల మాట, మనం అనకూడదు’ అని ఒకరు అభ్యంతరం చెప్పారు. నిజంగా తప్పేనా?

సమాధానం: తప్పు కాదండీ. అయితే మీ బంధువు చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. ‘రెక్వియెస్కాత్ ఇన్ పాచె’ అని కతోలికులు చనిపోయినవారి కోసం లాటిన్‌లో చేసే ప్రార్థన. ‘శాంతితో విశ్రమించుగాక’ అని అర్థం. ఇంగ్లీషులో అది ‘రెస్ట్ ఇన్ పీస్’ అయింది. రెండు భాషల్లోనూ పొడి అక్షరాలు ఆర్.ఐ.పి. కావడంతో సమాధి రాళ్ల మీద స్థిరపడిపోయింది. మన సంతాప సందేశాల్లోని ‘ఆత్మకు శాంతి’కి ఆ ఒరవడే మూలమని నా అభిప్రాయం.

కానీ తెలుగు క్రైస్తవులందరూ ఈ మాట అనరు. కతోలికులు నవంబరు 2న సమాధులను పూలతో అలంకరించి, కొవ్వొత్తులు వెలిగించి, పోయినవారి ఆత్మల కోసం ప్రార్థిస్తారు. లూథరన్, బాప్టిస్టు సంఘాలవారు అలా ప్రార్థించరు. మరణించాక మనిషి గతి మన ప్రార్థనతో మారదని వారి విశ్వాసం. అందుకే ‘ప్రభువునందు నిద్రించారు’ అంటారు, ఆదరణ కోసం చేసే ప్రార్థన బతికున్న కుటుంబం కోసమే. మరణాన్ని నిద్రగా చెప్పడం ఎంత పాతదంటే, ఇంగ్లీషు ‘సెమెటరీ’కి మూలమైన గ్రీకు మాటకు అర్థమే పడకగది.

ఇక ఆత్మకు అశాంతి ఎక్కడిదన్న ప్రశ్న. ఆత్మను శస్త్రాలు ఛేదించలేవు, నిప్పు కాల్చలేదు అని గీత చెప్పింది నిజమే. అది వేదాంతంలోని ఆత్మ. ‘ఇలా చేస్తే మీ నాన్న ఆత్మ క్షోభిస్తుంది’ అని ఇళ్లలో అనేటప్పుడు జీవుడనే అర్థం. వాడుకలో క్షోభించే ఆత్మకు శాంతి కోరడం అసంగతం ఎలా అవుతుంది?

నాకు నచ్చనిది ఒక్క ఆర్.ఐ.పి. మాత్రమే. కన్నీళ్లలో ఉన్న ఇంటివాళ్లకు మూడు పొడి అక్షరాలు పంపడం అన్యాయం. పోయినవారి ఇంటి ఆచారం తెలిస్తే దానికి తగ్గ మాట ఎంచుకోండి: శైవులకు ‘శివైక్యం చెందారు’, వైష్ణవులకు ‘పరమపదించారు’, క్రైస్తవులకు ‘ప్రభువునందు నిద్రించారు’. తెలియకపోతే ‘సద్గతి కలగాలి’ అనండి. మీ పెదనాన్నగారికి మీరు రాసినదాన్ని మాత్రం చెరపనక్కర్లేదు.