బొమ్మల వీధిలో కాపురం

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు ఉద్యోగాల మీద టోక్యో వెళ్ళి, సెతగయా వార్డులోని సకురాషిన్‌మచిలో ఇల్లు తీసుకున్నారు. వీడియో కాల్‌లో చూపిస్తే స్టేషన్ దగ్గరా, షాపుల వీధిలోనూ ఎక్కడ చూసినా ఏదో కార్టూన్ కుటుంబం బొమ్మలే! ఆదివారం వస్తే మా బీచ్ రోడ్డు వైపు జనం ఎలా ఉంటారో తెలిసినదాన్ని కాబట్టి టెన్షన్‌గా ఉంది. చిన్నపిల్లతో అలాంటి చోట ఉండగలరా? ఇల్లు మారమని చెప్పనా?
– ఒక నాయనమ్మ, పెదవాల్తేరు, విశాఖపట్నం

జవాబు: చెప్పకండమ్మా. అక్కడ ఇల్లు మారడమంటే అడ్వాన్సు కాక, చాలా ఇళ్ళకు ఓనర్‌కి తిరిగిరాని సొమ్ము కూడా ఇచ్చుకోవాలి, అంత ఖర్చు పెట్టించేంత కష్టం ఆ వీధిలో లేదు.

ఆ బొమ్మలు సజాయె-సాన్ కుటుంబానివి. హసెగవా మచికో అనే ఆవిడ 1946లో ఫుకుఓకాలో ఒక సాయంత్రపు పత్రికలో మొదలుపెట్టిన బొమ్మల కథ అది. 1969 అక్టోబరు నుంచి టీవీలో వస్తూనే ఉంది, ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువకాలం నడిచిన యానిమేషన్ సీరియల్‌గా గిన్నిస్ రికార్డు దానిదే. ఆవిడ ఆ పేటలోనే ఉండేవారు, 1985లో అక్కడే మ్యూజియం తెరిచారు. అంటే టూరిస్టుల కోసం వేసిన సెట్టింగు కాదు, ఆ పేటవాళ్ళు తమ మనిషిని తలుచుకోవడం. కంచు విగ్రహాలు 2012లో షాపులవాళ్ళ సంఘం పెట్టించింది. ఇంటి పెద్దాయన నమిహేకి నడినెత్తిన ఒకే ఒక్క వెంట్రుక ఉంటుంది, విగ్రహానికీ అలాగే పెడితే దాన్నీ ఎవరో పీకేశారు! పైగా ఇవి వ్యాపారానికి పనికొచ్చే ఆస్తి అంటూ ఆ సంఘానికి పన్ను కూడా పడింది. పేటవాళ్ళు పడిన తిప్పలు ఇలాంటివి. ఫొటోలకొచ్చేవాళ్ళు ఉంటారు గానీ, వాళ్ళు ఎక్కువగా స్టేషన్ నుంచి మ్యూజియం దాకా ఉన్న వీధిలోనే తిరుగుతారు, పక్క సందుల్లోకి వెళితే మామూలు ఇళ్ళే.

తొట్టొరి జిల్లాలో సకాయిమినాతో అనే రేవు ఊరుంది, అక్కడ కితారో అనే బొమ్మల కథలోవీ, అలాంటివీ దయ్యాల విగ్రహాలు ఒక్క రోడ్డు మీదే 170కి పైగా. అది నిజంగానే టూరిస్టుల మీద నడిచే వీధి, మీవాళ్ళు అక్కడ దిగి ఉంటే మీ బెంగకు అర్థముండేది.

నా మాట వింటే ఆ సీరియల్ మీరూ చూడండి. అక్కడి టీవీలో ఆదివారం సాయంత్రం 6:30కి వస్తుంది. మీరు అక్కడికి వెళ్ళినప్పుడు మనవరాలి పక్కన కూర్చుంటే భాష రాకపోయినా కథ తెలిసిపోతుంది: పెళ్ళైన కూతురు, ఇల్లరికంలా అత్తారింట్లోనే ఉంటున్న అల్లుడు, తాతయ్య, అమ్మమ్మ, అల్లరి తమ్ముడు, చెల్లెలు, మూడేళ్ళ పిల్లాడు, ఓ పిల్లి, అందరూ ఒకే కప్పు కింద! ఉమ్మడి కుటుంబంలో పెరిగిన మనకి ఒకరు చెప్పాలా? పక్కింటి పెద్దావిడతో మాట కలపడానికి మీకు అంతకన్నా మంచి దారి నాకు కనపడట్లేదు.

మీ కోడలిని అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఇంట్లో దిగిన 14 రోజుల్లోపు వార్డు ఆఫీసులో అడ్రసు రాయించారా? పాప బడికి అక్కడే దరఖాస్తు పెట్టారా? ఏ చెత్త ఏ రోజు బయట పెట్టాలో చెప్పే కాగితం తెచ్చుకున్నారా? ఇరుగుపొరుగుతో అక్కడ పేచీ వస్తే ముందు చెత్త దగ్గరే వస్తుంది, ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించమనండి.