మీరడిగారు, మేం చెప్పాం: నోటాకి ఎక్కువ ఓట్లొస్తే గెలిచేదెవరు?

ప్రశ్న: సర్, మేం డాలస్ దగ్గర ఉంటాం. మా బాబు ఎయిత్ గ్రేడ్. "నేప్" అనే గవర్నమెంట్ వాళ్ళ సివిక్స్ టెస్టుకి వాళ్ళ స్కూల్ సెలెక్ట్ అయిందని లెటర్ పంపారు. 2022లో పెట్టినప్పుడు 22 శాతం మందే పాసయ్యారని చదివాను, అప్పట్నుంచి కంగారుగా ఉంది. నేనేమో సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ కోసం 128 ప్రశ్నలు బట్టీ పడుతున్నా, అవే వాడితో చదివిస్తే సరిపోతుందా, కోచింగ్ ఏమైనా పెట్టించాలా?
— ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: ముందు కంగారు పక్కన పెట్టండమ్మా. ఆ టెస్టులో మీ బాబుకి మార్కులు రావు. అంటే సున్నా వస్తుందని కాదు, అసలు విడిగా ఏ పిల్లాడికీ మార్కులు ఇవ్వరు, స్కూలుకీ ఇవ్వరు. ఒక్కొక్కరికీ మొత్తం ప్రశ్నల్లో కొన్నే ఇస్తారు, పక్కవాడికి వేరేవి వస్తాయి, అవన్నీ కలిపి దేశం మొత్తమ్మీద ఎనిమిదో క్లాసు వాళ్ళకి ఎంత తెలుసో లెక్క కడతారు. అన్నం ఉడికిందో లేదో రెండు మెతుకులు పట్టుకుని చూస్తాం కదా, అలాంటిదన్నమాట, ఆ మెతుక్కి కోచింగేంటి చెప్పండి. వాడి స్కూల్ గ్రేడ్స్‌లో కలవదు, రాయడం కూడా తప్పనిసరి కాదు. కోచింగ్ ఇస్తాం అని ఎవరైనా అంటే డబ్బు దండగ.

ఇక ఆ 22 శాతం. అది పాస్ పర్సెంటేజ్ కాదండి, "ప్రొఫిషియెంట్" అనే గీత దాటినవాళ్ళ లెక్క. ఆ గీతని కావాలనే ఎత్తులో పెట్టారు, అది దాటకపోతే క్లాసుకి తగ్గట్టు లేడని అర్థం కాదని టెస్టు పెట్టేవాళ్ళే చెప్తారు, పేపర్లలో మాత్రం ప్రతిసారీ పాసూ ఫెయిలూ అనే రాసేస్తారు. నన్నడిగితే చూడాల్సింది కింది గీత, "బేసిక్". అది కూడా అందుకోనివాళ్ళు 2018లో 27 శాతం ఉంటే 2022కి 31 అయ్యారు. సగటు స్కోరు 300కి 150, 1998లో కూడా అంతే, మధ్యలో కాస్త పెరిగి 2022లో మొదటిసారి తగ్గింది. ఇంకో సంగతి, సివిక్స్ ప్రధానంగా చెప్పే క్లాసు ఉందన్న పిల్లలు సగం మందే. మీ బాబుకి ఉందో లేదో కనుక్కోండి, కంగారు పడితే దానికి పడొచ్చు.

మీ 128 ప్రశ్నల సంగతి వేరు. ఆఫీసర్ 20 దాకా అడుగుతారు, 12 కరెక్టుగా చెప్పగానే ఆపేస్తారు, 9 తప్పులైనా ఆపేస్తారు, జవాబులు ముందే మీ చేతిలో ఉంటాయి. అది జ్ఞాపకశక్తికి పరీక్ష, ఆ పనికి అది చాలు. చిత్రమేంటంటే 2015లో అరిజోనా, అప్పుడున్న 100 ప్రశ్నల సిటిజన్‌షిప్ టెస్టునే హైస్కూల్ పాసవడానికి షరతు చేసింది, వెనకాలే ఇంకొన్ని రాష్ట్రాలూ చేశాయి. సెనేటర్లు ఎంతమంది అంటే వంద అని మూడో క్లాసు పిల్ల కూడా చెప్తుంది, మరి అంతమంది జనమున్న కాలిఫోర్నియాకీ, ఇంత తక్కువ జనమున్న వయోమింగ్‌కీ సమానంగా ఇద్దరేసి ఎందుకమ్మా అంటే అప్పుడు తెలుస్తుంది లోపల ఏముందో. అందుకని రాత్రి భోజనాల దగ్గర ప్రశ్న వాణ్ణి అడగమనండి, జవాబు మీరు చెప్పండి, "ఎందుకు" అని మళ్ళీ వాణ్ణి మీరడగండి. ఇద్దరికీ పనికొస్తుంది.

ప్రశ్న: నేను పల్నాడు జిల్లాలో హైస్కూల్ సోషల్ టీచర్ని. మా పిల్లలు బిట్ పేపర్‌లో దుమ్ము దులిపేస్తారు, పంచాయతీలకి సంబంధించిన 73వ రాజ్యాంగ సవరణ ఎప్పుడు అంటే నిద్రలో లేపినా 1992 అంటారు. ఊళ్ళో గ్రామసభ జరుగుతుంటే మాత్రం అదేదో మీటింగ్ అనుకుని పక్క నుంచి వెళ్ళిపోతారు. అర్థమైందో లేదో తెలిసేలా ప్రశ్న ఎలా తయారుచేయాలి?
— ఒక ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, నేనూ మీ బాపతే, చాక్‌పీసు అరగదీసినవాణ్ణే, కాబట్టి నా అనుభవమే చెప్తా. ఒకసారి తొమ్మిదో తరగతికి స్లిప్ టెస్ట్ పెట్టాను. "అసెంబ్లీ ఎన్నికల్లో ఒక నియోజకవర్గంలో నోటాకి 40 వేలు, ఒక అభ్యర్థికి 35 వేలు, ఇంకొకరికి 30 వేలు వచ్చాయి, ఎవరు గెలిచినట్టు?" నోటా 2013లో వచ్చిందని అందరికీ తెలుసు, పాఠంలో అండర్‌లైన్ కూడా చేసుకున్నారు. జవాబుల్లో మాత్రం సగానికి పైగా "మళ్ళీ ఎన్నికలు పెడతారు" అనే. ఒకడైతే "ఎవరూ గెలవరు, కలెక్టర్ పాలిస్తాడు" అని రాశాడు, వాడి ధైర్యానికి ముచ్చటేసింది. అసలు జవాబు 35 వేలు వచ్చినాయనే గెలుస్తాడు. అభ్యర్థుల్లో ఎవరికి ఎక్కువ వస్తే వాళ్ళే, నోటా అభ్యర్థి కాదు కదా. ఈ ఒక్క ప్రశ్నతో నేను చెప్పిన పాఠం ఎక్కడ చెడిందో నాకే తెలిసొచ్చింది.

ఆప్షన్లు గైడు చూసి రాయొద్దు. ముందు ఆప్షన్లు లేకుండా అడగండి, పిల్లలు రాసిన తప్పులు ఏరి పెట్టుకోండి, వచ్చే ఏడాది బిట్టుకి అవే ఆప్షన్లు. మీ గ్రామసభనే తీసుకోండి, అందులో సభ్యులెవరు అంటే పిల్లలు సర్పంచి, వార్డు మెంబర్లు అంటారు, అది పంచాయతీ. గ్రామసభంటే ఓటర్ల లిస్టులో పేరున్న ఊరి వాళ్ళందరూ. ఈ తేడా తెలిసినవాడు "మా అమ్మ కూడా సభ్యురాలే, కానీ అన్నయ్యకి 17 ఏళ్ళే కాబట్టి వాడు కాదు" అనాలి, ఆ మాట వాడి నోటి నుంచి వస్తే పూర్తి మార్కులు వేసేయండి.

రాత ప్రశ్నకైతే వీధిలైటు మంచిది. మీ వీధిలో పది రోజులుగా లైటు వెలగట్లేదు, ఎవరికి చెప్తారు, వాళ్ళు పట్టించుకోకపోతే ఏం చేస్తారు? మా క్లాసులో ఎక్కువమంది ముఖ్యమంత్రికి ఉత్తరం రాశారు! దీనికి మార్కులు ఎలా వేస్తారో ముందే కాయితం మీద రాసుకోండి, పంచాయతీ పేరెత్తితే ఒకటి, అది పంచాయతీ పనే ఎందుకో చెప్తే ఇంకొకటి, పలకకపోతే తర్వాతి మెట్టు చెప్తే మూడోది. లేకపోతే దస్తూరి బాగున్నవాడికి మార్కులు పోతాయి, మన వాల్యుయేషన్లు మనకి తెలియనివా.

ప్రశ్న పొడుగు మాత్రం తగ్గించండి, ఆరు లైన్లుంటే అది చదవడం వచ్చో రాదో చూసే పరీక్షైపోతుంది. ఇంకా "ఓటు వేయడం మంచిదేనా?" లాంటివి అస్సలొద్దు, అందరూ అవుననే రాస్తారు, మీకు ఏం కావాలో వాళ్ళకి బాగా తెలుసు. రెండు వైపులా వాదన ఉన్న విషయం ఇస్తే ఏ వైపు అన్నదానికి మార్కులు వేయకండి, కారణానికి వేయండి.

ప్రశ్న: సివిక్స్‌లో ప్రపంచ ర్యాంకుల్లో మన దేశం ఎన్నో స్థానం సార్?
— ఇంటర్ విద్యార్థిని, కరీంనగర్

జవాబు: లిస్టులోనే లేదమ్మా. ఐ.ఇ.ఎ. అనే సంస్థ 2009, 2016, 2022లో ఎనిమిదో తరగతి స్థాయి పిల్లలకి సివిక్స్ మీద ఐ.సి.సి.ఎస్. అని సర్వే పెట్టింది, మనం చేరలేదు, అమెరికా కూడా చేరలేదు. మన దగ్గర 2024 డిసెంబర్ 4న పిల్లలకి చదువు ఎంత వచ్చిందో చూసే "పరఖ్" సర్వే జరిగింది, తొమ్మిదో తరగతికి సోషల్ ఉంది, కానీ అందులో చరిత్ర, భూగోళం అన్నీ కలిసిపోయాయి. ఆ మొత్తం మార్కు చూసి సివిక్స్ ఎంత వచ్చిందో చెప్పమంటే పులుసు రుచి చూసి ఉప్పెన్ని గ్రాములో చెప్పమన్నట్టే.