మీ ప్రశ్న – మా జవాబు: ఊరి కుర్రాళ్ళు, కరెంటు మీటరు, తుఫాను

ప్రశ్న: నేను కవిటి మండలంలో ఒక హైస్కూల్ లో సైన్స్ చెప్తాను. పోయిన ఏడాది పర్యావరణ దినోత్సవానికి మా ఊరి యూత్ తో ర్యాలీ తీశాం, 60 మొక్కలు నాటాం, ఫొటోలు బాగానే వచ్చాయి. ఇప్పుడు చూస్తే ఆ మొక్కల్లో పది కూడా లేవు, కుర్రాళ్ళూ లేరు. మొన్న సోలార్ గురించి మీటింగ్ పెడితే నలుగురు వచ్చారు, అందులో ఇద్దరు మా స్టూడెంట్సే, రాకపోతే నేను అడుగుతానని వచ్చారు. డిగ్రీ అయినోళ్ళు సగం మంది చెన్నై, హైదరాబాద్ ఎల్లిపోయినారు. ఉన్నోళ్ళని ఎలాగ కదిలించాలి, ఏటి చేస్తే నిలబడతారు?
– ఒక ఉపాధ్యాయుడు, కవిటి మండలం

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ నలుగురి మాట దగ్గర బాధేసింది, మీరు ఎంత తిరిగి ఎంతమందిని పిలిచి ఉంటారో తెలుస్తోంది. కానీ ఒక్క మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. మీ పిల్లలు బద్ధకస్తులని నేను అనుకోను. ర్యాలీలో వాళ్ళకి ఇచ్చిన పనేంటి? బ్యానర్ పట్టుకోడం, అరవడం, ఫొటోకి నిలబడడం. మర్నాడు పొద్దున్న లేచి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. ఇరవై ఏళ్ళ కుర్రాడికి తన చేత్తో చేసినదాని ఫలితం కంటికి కనబడాలి, తను లెక్క తీసి చెప్తే ఊళ్ళో పెద్దోళ్ళు వినాలి. ఈ రెండూ లేకుండా ఎన్ని మీటింగులు పెట్టినా వాడికి అది ఇంకో క్లాసే.

వాతావరణ మార్పు పాఠం మనం ఎప్పుడూ ఎక్కడో మంచు కరగడంతో మొదలెడతాం కదా, మీ దగ్గర ఆ అవసరమే లేదు. 2018 అక్టోబర్ 11 తెల్లారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఇప్పటి డిగ్రీ పిల్లలకి పదీ పన్నెండేళ్ళు ఉంటాయి, ఆ గాలి చప్పుడు వాళ్ళకి గుర్తుంటుంది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి, తెల్లారి చూస్తే ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకి పడి ఉన్నాయి. ఫలానా తుఫాను వాతావరణ మార్పు వల్లే వచ్చిందని వేలెత్తి చూపించలేం గానీ వేడెక్కిన సముద్రం తుఫానుకి బలం ఇస్తుందన్నది మీరు నాకన్నా బాగా చెప్పగలరు. పడిపోయిన కొబ్బరి మళ్ళీ కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది, ఈలోపు ఆ ఇంట్లో కుర్రాడు చెన్నై రైలెక్కుతాడు. మీరు రాసిన "సగం మంది ఎల్లిపోయినారు" అన్నదాంట్లో ఆ తోటల వాటా ఎంతో పిల్లల్నే అడగండి, మీ మొదటి మీటింగ్ అదే అవుతుంది.

కరెంటు ఎక్కణ్ణించి రావాలి అన్న ప్రశ్న కూడా మీ వైపు జనానికి కొత్త కాదు. సోంపేట బీల (చిత్తడి) భూముల్లో బొగ్గుతో కరెంటు తీసే థర్మల్ ప్లాంటు వద్దని రైతులు, మత్స్యకారులు నిలబడితే 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి, మరుసటి ఏడాది ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోనూ అదే జరిగింది. ఆ రోజుల్ని చూసిన ముసలోళ్ళు ఇంకా ఉన్నారు, పిల్లలు వెళ్ళి కూర్చుని ఫోన్లో వాళ్ళ మాటలు రికార్డ్ చేసుకోవాలి. బొగ్గు వద్దని చెప్పిన ఊళ్ళు మరి మాకు ఇది కావాలి అని చెప్పాల్సిన పని ఇంకా మిగిలే ఉంది, ఆ పని ఇప్పటి వాళ్ళది.

ఇంక చేతిపని. మీ స్కూల్ తోనే మొదలెట్టండి. పన్నెండు నెలల కరెంటు బిల్లులు హెచ్ఎం గారి దగ్గర తీసుకుని పిల్లల ముందు పెట్టండి, ఏ గదిలో ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని లైట్లు, ఎన్ని గంటలు అని వాళ్ళే రాసుకోవాలి. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు లాగుతుంది, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్డీసీ రకం ఫ్యాన్ 30 దరిదాపుల్లో. 20 ఫ్యాన్లు రోజుకి 6 గంటలు తిరిగితే పాతవాటికి 9 యూనిట్లు, కొత్తవాటికి 3.6. ఏడాదిలో 220 రోజులు బడి అనుకుంటే దాదాపు 1,200 యూనిట్లు మిగులుతాయి, మన దేశంలో గ్రిడ్ కరెంటు యూనిట్ కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్కన 800 కిలోల పైమాటే. ఈ లెక్క మీరు బోర్డు మీద వెయ్యకండి దయచేసి, పిల్లల్ని వెయ్యనివ్వండి, తప్పులేస్తే మళ్ళీ లెక్కపెట్టనివ్వండి. తొమ్మిదో తరగతి పిల్ల పేరెంట్స్ మీటింగ్ లో లేచి "మనం ఏడాదికి ఇంత పారబోస్తున్నాం" అని చెప్తే ఆ మాట వేరేగా తగుల్తుంది.

తర్వాత ఊరు. తిత్లీ తర్వాత మా బంధువుల ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు, జనరేటర్ పెట్టినాయన దగ్గర ఫోన్ ఛార్జింగ్ కి డబ్బులిచ్చి లైన్లో నిలబడ్డారు, మోటార్ తిరక్క నీళ్ళు లేవు. ఉద్దానంలో నీళ్ళ మాటంటే మామూలు మాట కాదు, ప్రతి వీధిలోనూ కిడ్నీ జబ్బు ఉన్న ఇల్లు ఒకటైనా ఉంటుంది. అందుకని మీ కుర్రాళ్ళతో ఒక మ్యాప్ గీయించండి: డయాలసిస్ కి వెళ్ళేవాళ్ళు ఎక్కడున్నారు, ఫ్రిజ్ లో ఇన్సులిన్ పెట్టుకునేవాళ్ళెవరు, ఒంటరి ముసలాళ్ళు ఎవరు, శ్లాబు ఇళ్ళు ఏవి, ఏ మేడ మీద నీడ పడకుండా ఎండ వస్తుంది. పేర్లు మాత్రం ఊరి గ్రూపుల్లో పెట్టొద్దు, ఆ కాగితం మీ దగ్గరా సచివాలయంలోనూ ఉంటే చాలు.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది, పిల్లలకి ముందే చెప్పండి, లేకపోతే తర్వాత నమ్మకం పోతుంది. మేడ మీద పెట్టే మామూలు ఆన్ గ్రిడ్ సోలార్, అంటే కరెంటు లైనుకి కలిపి ఉండేది, లైన్లో కరెంటు పోతే తనూ ఆగిపోతుంది, ఎంత ఎండ ఉన్నా సరే. స్తంభం ఎక్కిన లైన్ మన్ కి షాక్ కొట్టకుండా అలా పెట్టారు. తుఫాను తర్వాత పనికి రావాలంటే బ్యాటరీ, లైన్ పోయినా ఆ బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉండాలి, దానికి ఖర్చెక్కువ. ప్రతి ఇంటికీ అక్కర్లేదు, స్కూల్లోనో తుఫాను షెల్టర్ లోనో ఒక్కటి ఉంటే ఊరికి సరిపోతుంది. బ్యాటరీలో ఒక్క యూనిట్ తో సుమారు 40 ఫోన్లు ఫుల్ ఛార్జ్ అవుతాయి. "తుఫాను వస్తే మన స్కూల్లో లైట్ ఉంటుంది" అని ఊళ్ళో అనుకోడం మొదలైతే ఆ కుర్రాళ్ళని మీరు పిలవక్కర్లేదు. ఇంకోటి, సముద్రం ఉప్పు గాలికి స్టాండు తుప్పు పడుతుంది, బోల్టులు వదులైతే ప్యానెల్ ఎగిరి పక్కింటి మీద పడుతుంది. తుఫాను సీజన్ కి ముందు ఆ బిగింపులు చెక్ చేయించి రాసిపెట్టుకోడం యూత్ కి ఏటేటా ఉండే పని.

డబ్బు మాట కూడా చెప్పాలి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ అనే మేడ మీద సోలార్ పథకంలో ఇంటికి 1 కిలోవాట్ కి 30 వేలు, 2 కి 60 వేలు, 3 ఆపైన ఎంతైనా 78 వేలు కేంద్రం సబ్సిడీ. ఒక కిలోవాట్ కి వంద చదరపు అడుగుల నీడలేని జాగా కావాలి, రోజుకి సుమారు 4 యూనిట్లు వస్తాయి. సబ్సిడీ తర్వాత వస్తుంది, ముందు మన జేబులోంచో లోన్ లోంచో పెట్టాలి, ఇది దాచి చెప్పకండి. మీ వాళ్ళకి బేగి ఎక్కే పాయింట్ ఇంకోటుంది, పంచాయతీ పరిధిలో ఈ స్కీమ్ కింద పెట్టిన ఒక్కో ఇంటికీ స్థానిక సంస్థకి వెయ్యి రూపాయలు ప్రోత్సాహకం ఉంది. అంటే కుర్రాళ్ళు 50 ఇళ్ళకి తిరిగి కాగితాలు పెట్టించి పూర్తి చేయిస్తే పంచాయతీకి 50 వేలు, స్కూల్ బ్యాటరీకి ఆ డబ్బు వాడదామని గ్రామసభలో లేచి అడగొచ్చు. 18 నిండి ఓటరు లిస్టులో పేరున్న ప్రతోడూ గ్రామసభ సభ్యుడే, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. ముందు సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంట్ ని కలవండి, మీటర్లూ లైన్లూ ఆయనకి తెలుసు. చెన్నైలో ఉన్నోళ్ళని కూడా వదలొద్దు, ఆన్ లైన్ అప్లికేషన్లు, వెండార్ల రేట్లు పోల్చడం, లెక్కల షీటు వాళ్ళు అక్కణ్ణించే చేస్తారు, సంక్రాంతికి వచ్చినప్పుడు ఊరికి లెక్క చెప్తారు.

మొక్కలు కూడా మానకండి మాస్టారూ. ఈసారి అరవై వద్దు, పది చాలు, ఒక్కోదానికి ఒక్కో మనిషి. తీరం వైపు తాటి టెంకలు పాతితే నీళ్ళు పొయ్యక్కర్లేదు, గాలికీ తట్టుకుంటాయి.

ప్రశ్న: నేను ఇంటర్ ఫస్టియర్. మాది విజయనగరం పక్కన పల్లె. అన్నయ్య కాలేజీ ఎన్ఎస్ఎస్ క్యాంపుకి వెళ్తాడు, నన్ను మాత్రం ఇంట్లో ఎక్కడికీ పంపరు. వాతావరణం కోసం నాకూ ఏదైనా చెయ్యాలని ఉంది. ఇంట్లో ఉండి ఏం చెయ్యగలను?
– ఒక విద్యార్థిని

జవాబు: అమ్మలూ, చాలా చెయ్యగలవు, మీ అన్నయ్య కన్నా ముందే మొదలెట్టగలవు. మీ ఇంటి మీటర్ మీద చిన్న ఎర్ర లైటు మిణుకు మిణుకు మంటుంది చూశావా? పక్కనే యూనిట్ కి ఎన్ని మిణుకులో అంకె రాసి ఉంటుంది, చాలా మీటర్లకి 3200. ఇంట్లో అన్నీ ఆపేసి ఒక్క ఫ్యాన్ వేసి నిమిషం లెక్కపెట్టు, 75 వాట్ల ఫ్యాన్ అయితే నాలుగుసార్లు మిణుకుతుంది. అది ఆపి వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె పెట్టు, 53 సార్లు. మీటర్ ని ముట్టుకోకూడదు సుమా, దూరంగా నిలబడి చూడ్డమే. పాత ఫ్రిజ్, టీవీ, వాటర్ హీటర్, ఒక్కోటీ ఇలా రాసుకుంటే వారంలో మీ ఇంటి కరెంటు మొత్తం నీ నోట్ బుక్ లోకి వస్తుంది.

ఆ నోట్ బుక్ అమ్మకి చూపించు. అమ్మ డ్వాక్రా సంఘంలో ఉంటే ఇంకా మంచిది, సంఘం మీటింగ్ కి అమ్మతో వెళ్తానంటే ఏ ఇంట్లోనూ వద్దనరు. అక్కడ పదిమంది ఆడవాళ్ళకి వాళ్ళ బిల్లులే చదివి చెప్పు, ఎవరి బిల్లు ఎందుకు పెరిగిందో చెప్పు. ఇంట్లో కరెంటూ గ్యాసూ కట్టెలూ ఏవి ఎంత అవుతున్నాయో రోజూ చూసేది వాళ్ళే, అయినా సోలార్ గురించి చెప్పేవాళ్ళు వచ్చి మగాళ్ళతో మాట్లాడి వెళ్ళిపోతారు. ఇది నాకు చాలాకాలంగా మనసులో ఉన్న బాధ. మీ అన్నయ్య తిరిగొచ్చాక క్యాంపు వాళ్ళని మీ వీధికి రమ్మను, లెక్కలు నువ్వు చెప్పు, వాళ్ళు రాసుకుంటారు. మీ నాన్నగారితో నేరుగా గొడవ పడకు, ఒక్క నెల బిల్లు తగ్గించి చూపించి అప్పుడు అడుగు.

ప్రశ్న: మా అబ్బాయి ఐటీఐ ఎలక్ట్రీషియన్. సోలార్ ట్రైనింగ్ కి వెళ్తానంటున్నాడు. ఒకతను సీటు ఇప్పిస్తానని డబ్బు అడుగుతున్నాడు. పంపొచ్చా?
– ఒక తండ్రి, పలాస

జవాబు: ట్రైనింగ్ కి పంపండి అన్నగారూ, ఆ మనిషికి మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకండి. కేంద్రం 2015 నుంచి నడుపుతున్న సూర్యమిత్ర ట్రైనింగ్ 600 గంటలు, నేర్చుకునేవాళ్ళ దగ్గర ఫీజు తీసుకోరు, ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసినోళ్ళకి ఆ దారి ఉంది. చేరేముందు మీరే వెళ్ళి, నిజం ప్యానెళ్ళ మీద చేత్తో పని నేర్పిస్తారా, క్లాసులో బొమ్మలు చూపిస్తారా అని అడగండి. ఇన్ స్టాల్ చెయ్యడం కన్నా తర్వాత రిపేరు చేసేవాళ్ళు మన తీరంలో ఎక్కువ కావాలి, ఉప్పు గాలికి కనెక్షన్లు పాడవుతాయి, అప్పుడు విశాఖ నుంచి మనిషి వచ్చేదాకా ఇంటోళ్ళు ఎదురుచూస్తుంటారు. పై మాస్టారి ఊరు మీకు దూరం కాదు, అబ్బాయిని ఒకసారి అటు కూడా పంపండి. హెల్మెట్, సేఫ్టీ బెల్ట్ లేకుండా ఎవరు చెప్పినా మేడ అంచుకి వెళ్ళనని మాత్రం వాడిచేత ముందే మాట తీసుకోండి.