పాత స్థానిక చరిత్ర పుస్తకాల్లోని వంశవృక్షాలను నమ్మవచ్చా?

రచయిత స్వయంగా ఎరిగిన రెండు మూడు తరాల వరకు నమ్మవచ్చు. అంతకు ముందువాటికి ఆ పుస్తకం ఆచూకీ చెబుతుందే తప్ప ఆధారం కాదు. విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల్లో ఇలాంటివి చాలావరకు పెద్దల నోటి మాట విని రాసినవి. పోషకుడి వంశాన్ని గొప్ప చేయాలన్న తాపత్రయమూ కొన్నింటిలో ఉంటుంది. అసలు చిక్కు పేర్లతో. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల ఇద్దరు మనుషులు కాగితం మీద ఒక్కరైపోతారు.

విజయనగరాన్ని ఏలిన పూసపాటి వంశాన్నే చూడండి. 1757లో బొబ్బిలి యుద్ధం ముగిశాక తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోయినది పెద విజయరామరాజు. 1794లో పద్మనాభ యుద్ధంలో నేలకొరిగినది చిన విజయరామరాజు. ‘పెద’, ‘చిన’ జారిపోతే 37 ఏళ్ల దూరం చెరిగిపోతుంది. రాజులకైతే యుద్ధాల తేదీలు సాక్ష్యం. రైతు కుటుంబానికి ఆ అండ లేదు. భూమి దస్తావేజులు, ఇనాం (పన్ను లేకుండా లేదా తక్కువ పన్నుతో ఇచ్చిన భూమి) రిజిస్టర్లే దిక్కు.

పుస్తకం ఎంత పాతదైతే అంత నిజమనుకోవడం పెద్ద పొరపాటు. రెండు పుస్తకాల్లో ఒకే మాట ఉందన్నా చాలదు, రెండోది మొదటిదాన్ని చూసి రాసిందే కావచ్చు. దస్తావేజులు వెతికేటప్పుడు జిల్లా పేరు కూడా గమనించండి: శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. అంతకు ముందరి కాగితాలు విశాఖపట్నం పేరుతో (ఇప్పటి విజయనగరం జిల్లాలోని కొన్ని ప్రాంతాలవి 1950–79 మధ్య శ్రీకాకుళం పేరుతో), 1936కు ముందు శ్రీకాకుళం, ఇచ్ఛాపురం వైపువైతే గంజాం పేరుతో ఉంటాయి.