యాప్‌లు మూతపడ్డాయి, 4,20,000 అప్పు మిగిలింది

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకా. నేను కొన్న మూడెకరాల పొలం ఉంది, సోయాబీన్, పత్తి వేస్తాం. మా పిల్లగాడికి 26 ఏళ్లు, మిర్చి అడ్తి దుకాణంలో నెలకు 17,000 జీతం. రెండేళ్లు ఫోన్లో రమ్మీ, ఫాంటసీ క్రికెట్ ఆడి 4,20,000 అప్పు మీదేసుకున్నాడు. లోన్ యాప్‌లు నాలుగింటికి 96,000, పర్సనల్ లోన్ 1,40,000, వాళ్లమ్మ 28 గ్రాముల బంగారం మీద 1,04,000, సావ్‌కారు దగ్గర ఐదు రూపాయల వడ్డీకి 80,000. ఆటలు బంద్ అయ్యాయని సంతోషపడితే, ఇప్పుడు ఎవరో పంపిన లింకుతో వేరే యాప్ ఎక్కించుకున్నాడు. సుప్రీంకోర్టులో కేసుంది, ఆటలు మళ్లీ తెరుస్తారు, పోయినచోటే వెతుక్కుంటా అంటున్నాడు. సావ్‌కారేమో ఎకరం పొలం ఖరేదీ ఖత్ (అమ్మకం దస్తావేజు) రాయమంటున్నాడు. ఇంకొకతను వీడి బ్యాంకు ఖాతా అద్దెకిస్తే నెలకు 5,000 ఇస్తానంటున్నాడు. ఈ బంద్ మాకు మంచిదా, చెడ్డదా? ఏం చేయాలి?

జవాబు: ముందు రెండు మాటలు. ఖరేదీ ఖత్ మీద సంతకం పెట్టకండి. ఖాతా అద్దెకు ఇవ్వనివ్వకండి. ఈ రెండూ ఆగితే మిగతావాటికి సమయం ఉంది.

ఇక మీ అబ్బాయి నమ్మకం సంగతి. అతను చెప్పే కేసు నిజమే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించే బిల్లును 2025 ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించాయి, 22న రాష్ట్రపతి సంతకం పడింది. దాన్ని సవాలు చేస్తూ హైకోర్టుల్లో పడ్డ పిటిషన్లను సెప్టెంబరులో సుప్రీంకోర్టు తన దగ్గరికి తెప్పించుకుంది. కంపెనీల వాదనకు 1968 నాటి తీర్పు ఒక ఆధారం. సికింద్రాబాద్ క్లబ్బు కేసులో రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆటేనని సుప్రీంకోర్టు అన్నది. అదే తీర్పులో, పందెం ఆట మీద ఇంటి యజమాని గానీ క్లబ్బు గానీ లాభం తీసుకుంటుంటే అది నేరం కావచ్చని కూడా ఉంది. ఈ రెండో మాటను ఆడేవాళ్లకు ఎవరూ చెప్పరు. కొత్త చట్టం నేర్పా, అదృష్టమా అన్న తేడానే పక్కన పెట్టింది. గెలుస్తామన్న ఆశతో డబ్బు కట్టి ఆడేది ఏదైనా దాని కిందికే వస్తుంది.

తీర్పు ఎటు వచ్చినా మీ ఇంటి లెక్క మారదు. ఒక బల్ల దగ్గర అందరూ సమానమైన నేర్పున్నవాళ్లే అనుకుందాం, ఆట నడిపేవాడు ప్రతి ఆటలో నూటికి 10 తీసుకుంటాడనుకుందాం. 1,000 రూపాయలు పది ఆటలు తిరిగేసరికి సగటున 349 మిగులుతాయి. తక్కినది నడిపేవాడి చేతికి పోయింది. అంటే మీవాడు వెతుక్కుంటానంటున్న డబ్బు ఆ చోట లేదు. ఆ మీద ఏడాదిలో నికరంగా గెలిచినదానికి 30 శాతం పన్ను. ఒక యాప్‌లో పోయినదాన్ని ఇంకో యాప్‌లో గెలిచినదానిలోంచి తీసేసే వీలు లేదు. 4,20,000 అప్పు ఈ దారిలో తీరదు. ఈ లెక్క కాగితం మీద వేసి అతనితోనే గుణించి చూపించండి. తిట్టడం కంటే ఇదే పనిచేస్తుంది.

బంద్ మంచిదా అంటే, నా మట్టుకు మంచిదే. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. అప్పట్లో మహారాష్ట్రలో అలాంటి అడ్డు లేదు. ఫోన్ ఎక్కడుందో యాప్ చూసుకునేది కాబట్టి, బాసరలో తెరుచుకోని ఆట పక్కనున్న ధర్మాబాద్‌లో తెరుచుకునేది. సరిహద్దు ఊళ్లకు ఒక రాష్ట్రం చట్టం చాలదని మీకంటే బాగా ఎవరికి తెలుసు. దేశమంతటికీ ఒకటే చట్టం రావడంతో పేరున్న కంపెనీలు డబ్బు ఆటలు ఆపేశాయి. చట్టాన్ని వ్యతిరేకించేవాళ్లు చెప్పే ఒక మాటను మాత్రం కొట్టిపారేయలేం. ఇక్కడి దుకాణాలు మూస్తే ఆడేవాళ్లు విదేశాల నుంచి నడిచే దొంగ యాప్‌లకు పోతారని వాళ్లు ముందే అన్నారు. మీ ఇంట్లో జరిగింది అదే. అందుకని బంద్ ఎత్తేయమనడం సరికాదు. మన వంతుగా డబ్బు పోయే దారిని ఇంట్లో కూడా మూయాలి. ఆడినవాడికి కేంద్ర చట్టం శిక్ష పెట్టలేదు. ఆట నడిపేవాళ్లకు, ప్రకటన చేసేవాళ్లకు, డబ్బు దాటించేవాళ్లకే శిక్షలు. కాబట్టి కేసు పడుతుందన్న భయంతో మీవాడు విషయం దాచనక్కర్లేదు.

లింకుతో వచ్చిన ఆ యాప్ ఎలా పనిచేస్తుందో చూడండి. డబ్బు వేయడానికి ప్రతిసారీ కొత్త క్యూఆర్ కోడ్ వస్తుంది, దాని కింద ఎవరో ఒక మనిషి పేరు ఉంటుంది. అది అద్దెకు తెచ్చిన ఖాతా. గెలిచిన డబ్బు కూడా అలాంటి ఖాతా నుంచే వస్తుంది. ఆ ఖాతాలో వేరే మోసంలో పోయిన సొమ్ము కలిసి ఉంటే, ఆ బాధితుడు ఏ రాష్ట్రంలోనో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేస్తాడు, పోలీసులు సొమ్ము వెళ్లిన ఖాతాలన్నీ వరసగా ఆపేయిస్తారు. మీవాడి జీతం ఉన్న ఖాతా కూడా అందులో చిక్కుతుంది. విడిపించుకోవడానికి ఫిర్యాదు నమోదైన స్టేషన్ చుట్టూ తిరగాలి. నెలకు 5,000 ఇస్తానన్నవాడు అడుగుతున్నది ఇలాంటి ఖాతానే. పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ ఇచ్చేస్తే ఆ సొమ్ముకు పోలీసులు మొదట పట్టుకునేది మీవాడినే. డబ్బు ఆటలకు చెల్లింపులు దాటించినవాడికి కొత్త చట్టంలో మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా ఉంది.

దారి మూయడం ఇలా. అడ్తి యజమానితో మాట్లాడి జీతం వాళ్లమ్మ ఖాతాలో వేయించండి. ఆమె ఖాతాకు ఆమె దగ్గరుండే మామూలు బటన్ ఫోన్ నంబరే ఉండాలి. యూపీఐ పెట్టుకునేటప్పుడు బ్యాంకులో ఉన్న నంబరు సిమ్ నుంచే మెసేజ్ పోవాలి కాబట్టి, ఆ సిమ్ అతని ఫోన్లో లేకపోతే ఆ ఖాతాకు యూపీఐ ఎక్కదు. అతని చేతి ఖర్చుకు వారానికి కొంత నగదు ఇవ్వండి. అతని పాత ఖాతాలో యూపీఐ రోజువారీ పరిమితిని బ్యాంకు యాప్‌లోనే బాగా తగ్గించవచ్చు. ఇప్పుడు వాడుకుని తర్వాత కట్టే ‘పే లేటర్’ సౌకర్యం, క్రెడిట్ లైన్ ఏవున్నా మూయించండి. ఆటోపే జాబితా తెరిచి ఆటలవి, తెలియనివి రద్దు చేయండి. పర్సనల్ లోన్ ఈఎంఐది మాత్రం ముట్టుకోకండి, అది తిరిగొస్తే ప్రతిసారీ జరిమానా పడుతుంది.

ఇప్పుడు అప్పులు. అతను చెప్పిన జాబితాతో ఆగకండి, దాచినవి ఉంటాయి. ఎవరి పేరు మీద ఏ అప్పులున్నాయో రాసిపెట్టే సంస్థలు సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికోసారి ఉచితంగా రిపోర్టు ఇస్తాయి. రెండింటివైనా తీయండి.

పర్సనల్ లోన్ 22 శాతం, ఇంకా 24 నెలలు అనుకుంటే ఈఎంఐ సుమారు 7,260. సావ్‌కారు వడ్డీ 4,000. బంగారానికి ఏడాదికి 12 శాతమైతే నెలకు 1,040. లోన్ యాప్‌ల వాయిదాలు 9,000 అనుకోండి. మొత్తం 21,300. జీతం 17,000. ప్రతి నెలా కొత్త అప్పు పుట్టేది ఇక్కడే. ఈ లోటును ముందు పూడ్చాలి, అందుకు సావ్‌కారుతో మొదలుపెట్టాలి.

ఐదు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 60 శాతం. మహారాష్ట్రలో 2014 సావ్‌కారీ చట్టం కింద లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేయకూడదు. లైసెన్సు ఉన్నా తాకట్టు లేని అప్పు మీద రైతుకు ఏడాదికి 12 శాతం, ఇతరులకు 18 శాతం మించకూడదు. మీవాడు ఏడు నెలలుగా 4,000 కడుతున్నాడనుకుందాం, 28,000 పోయాయి. 18 శాతం లెక్కన కట్టాల్సింది 8,400. మిగిలిన 19,600 అసలులో పోవాలి, అంటే బాకీ 60,400. ఊళ్లో పెద్దమనిషిని పెట్టుకుని ఈ లెక్కతో మాట్లాడండి. ఒప్పుకోకపోతే తాలూకా సహాయక్ నిబంధక్ కార్యాలయంలో, అంటే సహకార సంఘాల అసిస్టెంట్ రిజిస్ట్రార్ దగ్గర, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. ఫిర్యాదు ఇస్తామన్న మాటకే చాలామంది దిగొస్తారు.

కట్టే 60,400 ఎక్కడిది? బంగారం మీద. పాత అప్పు ఇచ్చినప్పటి ధరకీ ఇప్పటి ధరకీ తేడా ఉంటుంది కాబట్టి అదే బంగారం మీద అప్పు పెంచమని అడగండి. మొత్తం 1,64,400 కావాలి. విలువలో 75 శాతం ఇస్తారనుకుంటే బంగారం విలువ 2,19,200 ఉండాలి. 28 గ్రాములకు, రాళ్లు, తరుగు పోగా, గ్రాము 7,830 కడితే చాలు. వడ్డీ నెలకు 1,644. నెలనెలా కట్టేయండి. ఏడాదికి ఒకేసారి కడదామని వదిలేసి, గడువు రోజున డబ్బు లేకపోతే వేలానికి పోతుంది. సావ్‌కారుకు బ్యాంకు ద్వారానే చెల్లించి, ఖాళీ చెక్కు, స్టాంపు కాగితం ఇచ్చి ఉంటే అవి చేతికి వచ్చాకే పని పూర్తయినట్టు.

పొలం ఎందుకు రాయకూడదో కూడా చెప్పాలి. తాకట్టే కదా, బాకీ తీరగానే తిరిగి రాస్తానని అంటారు. కాగితంలో మాత్రం పూర్తి అమ్మకం ఉంటుంది. దానితో ఫేర్‌ఫార్ (పేరు మార్పిడి) అయితే సాత్‌బారాలో, అంటే భూమి రికార్డులో, మీ పేరు పోతుంది. అలా పోయిన భూమిని తిరిగి ఇప్పించే వీలు 2014 చట్టంలో ఉంది, 15 ఏళ్ల లోపు జరిగిన లావాదేవీలకు జిల్లా రిజిస్ట్రార్ విచారణ చేయవచ్చు. కానీ ఆ విచారణ ముగిసేదాకా మీరు సాగు లేకుండా కూర్చోవాలి. అన్నిటికంటే ముఖ్యం, 26 ఏళ్ల కొడుకు అప్పుకు మీరు జామీను సంతకం పెట్టకపోతే మీరు సంపాదించుకున్న పొలానికి ఆ అప్పుతో సంబంధం లేదు. కొత్తగా ఎవరికీ జామీను ఉండకండి. పీక్ కర్జ్ (పంట రుణం) ఉంటే గడువులోగా కట్టేయండి. 3 లక్షల దాకా సకాలంలో కట్టిన రైతుకు వడ్డీ సున్నా పడే అప్పు అది. దాన్ని తప్పించి యాప్‌ల బాకీ కట్టడం చాలా నష్టం.

లోన్ యాప్‌లు నాలుగింటి పేర్లూ ఆర్‌బీఐ వెబ్‌సైటులో డిజిటల్ లెండింగ్ యాప్‌ల జాబితాలో వెతకండి. ఉదాహరణకు రెండు దొరికాయి, వాటి బాకీ 62,000 అనుకుందాం. వాటికి మెయిల్ రాసి వాయిదాలు తిరిగి వేయమనండి, ఒప్పుకున్నది రాతలో తీసుకోండి. ఈఎంఐ 7,260, బంగారం వడ్డీ 1,644, ఇంటికి 2,500 పోగా నెలకు 5,500 మిగులుతుంది. నెలకు 2.5 శాతం వడ్డీ వేసుకున్నా 14 నెలల్లో తీరుతుంది. జాబితాలో లేని రెండు యాప్‌లు ఇచ్చే, మనుషుల పేరున్న యూపీఐ నంబర్లకు ఇంకేమీ పంపకండి. చేతికి నిజంగా ఎంత వచ్చిందో, ఎంత కట్టారో బ్యాంకు స్టేట్‌మెంటులో గుర్తు పెట్టి, ఆర్‌బీఐ సచేత్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. ఫొటోలు మార్చి బంధువులకు పంపుతామని బెదిరిస్తే స్క్రీన్‌షాట్లతో వెంటనే 1930. వసూలు ఏజెంటు ఎవరైనా ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదన్నది ఆర్‌బీఐ నియమం.

చాలామంది వదిలేసుకునే డబ్బు ఒకటుంది. 2025 ఏప్రిల్ తర్వాత మీవాడు ఏదైనా యాప్ నుంచి డబ్బు తీసుకుని ఉంటే 30 శాతం టీడీఎస్ (ముందుగానే కోసుకునే పన్ను) పట్టి ఉంటారు. 20,000 వేసి 80,000 తీశాడనుకోండి, 60,000 మీద 18,000 పట్టారు. తర్వాత అదే యాప్‌లో 90,000 వేసి పోగొట్టుకుంటే ఆ ఏడాదికి నికర గెలుపు లేదు. ఆ 18,000 ఆదాయపు పన్ను రిటర్న్ వేస్తే వెనక్కి వస్తుంది. పట్టిన పన్ను వివరాలుండే ఫారం 26ఏఎస్ చూసి, యాప్ నుంచి ఏడాది లావాదేవీల పట్టీ తెప్పించుకోండి. రిటర్న్ ఫారాల్లో ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. గడువు దాటకూడదు, తర్వాత వేసే అప్‌డేటెడ్ రిటర్న్‌లో రిఫండ్ అడగడానికి వీల్లేదు. అలాంటి 18,000 వచ్చి లోన్ యాప్‌లకు కడితే ఆ 14 నెలలు తొమ్మిదికి తగ్గుతాయి.

అబ్బాయి గురించి. ఆపుకోలేని జూదాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో చేర్చింది, మందలింపుతో పోదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో, మరాఠీలో ఉచితంగా మాట్లాడతారు. నిద్రపోకపోయినా, బతకడం ఎందుకన్న మాట ఒక్కసారి వచ్చినా ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అప్పుల లెక్క మరుసటి రోజు చూసుకోవచ్చు.

సోయాబీన్ డబ్బు చేతికొచ్చే నెల మీకు గట్టి పరీక్ష. పంట అమ్మిన పట్టీ డబ్బు మీ ఖాతాలోనే పడేట్టు చూసి, పీక్ కర్జ్ కట్టగా మిగిలింది ఆ వారంలోనే బంగారం అప్పు అసలులో కట్టేయండి.