స్ట్రెస్ ఎంఆర్‌ఐ చేయబోయే మేనకోడలికి

చి. మేనకోడలికి ఆశీస్సులు.

గుండె కండరానికి రక్తం ఎలా అందుతోందో చూసే స్ట్రెస్ ఎంఆర్‌ఐ పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. మిషన్ మీద ఏ బటన్ ఎక్కడుందో కంపెనీవాళ్లు నేర్పుతారు. వాళ్లు చెప్పని సంగతులు రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు కాఫీ. ఈ పరీక్షలో స్ట్రెస్ కోసం ఎక్కించే మందు అడెనోసిన్ గుండె రక్తనాళాలను విప్పార్చాలి. ఒంట్లో కెఫీన్ ఉంటే ఆ మందు పారదు. కనీసం 12 గంటలు, వీలైతే 24 గంటలు మానేయాలి. ‘కాఫీ తాగారా?’ అని అడిగితే, పొద్దున్నే టీ తాగి వచ్చిన మనిషి కూడా నిజాయితీగానే లేదంటాడు. టీ, కూల్‌డ్రింకు, చాక్లెట్, తలనొప్పి మాత్ర... ఒక్కొక్కటీ పేరుపెట్టి అడుగు. ఉబ్బసం, హార్ట్ బ్లాక్ (గుండెలో విద్యుత్ సంకేతాలు సరిగా సాగకపోవడం) లేవని డాక్టరు చూశాకే మందు మొదలుపెట్టాలి. అడెనోసిన్‌కు విరుగుడైన అమినోఫిల్లిన్ సిద్ధంగా ఉండాలి.

రెండు చేతులకూ మందు ఎక్కించే సూది గొట్టాలు, అంటే క్యాన్యులాలు, వేర్వేరుగా పెట్టించు. ఒకే లైనైతే, బొమ్మలో రక్తం మెరిసేలా చేసే గడోలినియాన్ని ఇంజెక్టర్ తోసినప్పుడు ట్యూబులో మిగిలిన అడెనోసిన్ కూడా ఒక్క ఉదుటున లోపలికి పోతుంది. గుండె వేగం పడిపోవచ్చు. కిలోకు నిమిషానికి 140 మైక్రోగ్రాముల చొప్పున మందు ఎక్కుతుంటే ఛాతీ బిగుసుకుంటుంది, ఆయాసం వస్తుంది. ఆపగానే తగ్గిపోతుందని ముందే చెప్పు. చెప్పకపోతే ఊపిరి బిగపట్టాల్సిన సమయానికి ఆ మనిషి బెల్లు నొక్కుతాడు!

బొమ్మలు రాగానే గుండె కన్నా ముందు పక్కనున్న ప్లీహాన్ని (స్ప్లీన్‌ని) చూడు. అడెనోసిన్ సరిగా పనిచేస్తే స్ట్రెస్‌లో అది నల్లబడుతుంది, అడెనోసిన్ లేకుండా తీసే విశ్రాంతి బొమ్మల్లో మెరుస్తుంది. రెండింటిలోనూ ఒకేలా మెరిస్తే ‘నార్మల్’ అన్న మాటను నమ్మను. అలాంటి నార్మల్ కన్నా పరీక్ష మళ్లీ చేయడమే మేలు.

ఇక కండరం లోపలి అంచున కనిపించే నల్లని గీత. కొత్తవాళ్లందరూ దాన్ని చూసి కంగారుపడతారు. కండరం ఇంకా వెలగకముందే, ఎడమ జఠరికలోకి (గుండె ఎడమ కింది గదిలోకి) గడోలినియం రాగానే పుట్టి నాలుగైదు గుండె చప్పుళ్లలో మాయమైతే అది చాలావరకు బొమ్మలోని లోపమే. నిజంగా రక్తం తగ్గితే ఆ నలుపు ఇంకా నిలుస్తుంది, ఏదో ఒక ధమని పరిధికి సరిపోతుంది కూడా.

గుండెకు రక్తమిచ్చే మూడు ధమనులూ మూసుకుపోతున్న మనిషి దగ్గర మాత్రం కంటిని నమ్మకు. ఊరంతా లో వోల్టేజీ ఉన్నప్పుడు ఏ ఇంటి దీపం మందగించిందని చెబుతావు? అక్కడ అంకెలే కావాలి. గ్రాము కండరానికి నిమిషానికి విశ్రాంతిలో సుమారు 1 మిల్లీలీటరు, స్ట్రెస్‌లో దాదాపు 3 అందాలి. ఈ అంకెలను బొమ్మలోని మెరుపును బట్టే లెక్కగడతారు, కానీ జఠరికలో గడోలినియం చిక్కగా ఉన్నప్పుడు మెరుపు దానికి తగ్గట్టు పెరగదు. ఆ లెక్క తప్పకుండా ముందు పలచటి డోసు, తర్వాత అసలు డోసు ఇచ్చే పద్ధతి ఉంది. మీ మిషన్‌లో ఏ పద్ధతి ఉందో కంపెనీవాళ్లు ఊళ్లో ఉండగానే అడిగి తెలుసుకో.

మీ మామయ్య