డాలర్లు డాలర్లుగానే చేతికి రావాలంటే

మొన్న ఇక్కడ కెనడాలో, బ్రాంప్టన్‌లో ఒక బారసాలకి వెళ్ళాం. భోజనాల దగ్గర ఒక అమ్మాయి పళ్ళెం పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. "అన్నయ్యా, మీరొచ్చి చాలా ఏళ్ళయిందట కదా, ఒక డబ్బుల సందేహం అడగొచ్చా?" అంది. ఖమ్మం పిల్ల. భర్తతో పాటు వచ్చి ఆరు నెలలైంది, ఎవరి దగ్గరైనా పని చేసుకోగలిగే ఓపెన్ వర్క్ పర్మిట్ మీద ఉంది. హైదరాబాద్‌లో ఉన్నప్పటి నుంచీ అమెరికా వాళ్ళకి వీడియోలు ఎడిట్ చేసి పెడుతోంది. ఇక్కడికొచ్చాక కూడా ఆ పని వదల్లేదు.

సంగతేమిటంటే, ఆ నెల సంపాదన 800 అమెరికా డాలర్లు ఒక పేమెంట్ సైటులో ఉంటే, అక్కడి నుంచి ఇక్కడి బ్యాంకు ఖాతాకి తీసుకుంది. ఆ రోజు గూగుల్‌లో అమెరికా డాలరుకి 1.38 కెనడా డాలర్లు చూపిస్తోంది. ఆ లెక్కన 1,104 రావాలి. పడింది 1,065. సైటులో మాత్రం "విత్‌డ్రాయల్ ఫీజు: సున్నా" అని రాసుంది. మరి ఆ 39 డాలర్లు ఏమయ్యాయని తన ప్రశ్న.

ఫీజు నిజంగానే సున్నా. పోయింది మారకం రేటులో. మన సంతలో కొందరు ధర సరిగ్గానే చెప్పి తూకంలో కొడతారు చూడండి, ఇదీ అంతే. 1.38 ఉన్న రేటుని 1.33 చేసి ఇచ్చారు. ఇలాంటి సైట్లలో ఈ కోత 3, 4 శాతం ఉండటం మామూలే. పేపాల్ కూడా ఈ కోత ఎంతో తన ఫీజుల పేజీలోనే రాసి పెడుతుంది, దాచదు. కాకపోతే డబ్బు తీసుకునే తొందరలో ఆ పేజీ చదివేదెవరు? నెలకి 39 అంటే ఏడాదికి 468 డాలర్లు. మంచి చలికోటు, మంచు బూట్లు కొనుక్కున్నా ఇంకా మిగులుతాయి.

అక్కడితో అయిపోతుందా, అదీ లేదు. ఆ అమ్మాయి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కి నెలనెలా అమెరికా డాలర్లలో కడుతుంది, ఇక్కడి క్రెడిట్ కార్డుతో. ఇక్కడి కార్డుల్లో చాలా వాటికి పరాయి కరెన్సీ ఖర్చు మీద 2.5 శాతం పడుతుంది. అంటే అమెరికా డాలర్లు సంపాదించి, నష్టానికి కెనడా డాలర్లు చేసి, మళ్ళీ నష్టానికి అమెరికా డాలర్లు కొంటోందన్న మాట. మిగిలిన దాంట్లో ఖమ్మంలో అమ్మకి పంపితే అక్కడ మూడో కోత. సంపాదన ఒకటే, కత్తెరలు మూడు.

నేనేమీ పుట్టుకతో తెలివైనవాణ్ణి కాను. వచ్చిన కొత్తలో రాత్రిళ్ళు కూర్చుని అమెరికాలోని చిన్న దుకాణాల వెబ్‌సైట్లు చూసిపెట్టేవాణ్ణి. మారకంలో డబ్బు పోతోందని తెలిశాక బ్యాంకుకి వెళ్ళి "డాలర్ ఖాతా కావాలి" అన్నాను. కౌంటర్లో ఉన్నాయన నవ్వుతూ తెరిచి ఇచ్చాడు. ఇంటికొచ్చి పేమెంట్ సైటులో ఎక్కిద్దామని చూస్తే అమెరికా బ్యాంకు ఫారంలో, అక్కడ ఏ బ్యాంకో చెప్పే 9 అంకెల రూటింగ్ నంబర్ అడుగుతోంది. నా దగ్గర ఉన్నవేమో 5 అంకెల ట్రాన్సిట్ (బ్రాంచి) నంబర్, 3 అంకెల బ్యాంకు నంబర్. కెనడాలో వీటి ముందు ఒక సున్నా పెట్టి 9 అంకెలుగా రాసే పద్ధతి ఉందని ఎక్కడో చదివాను. ఇంకేం, తెలివి ఉపయోగించి అదే కొట్టాను. ఫారం ఒప్పుకోలేదు. కెనడా ఫారంలో అదే ఖాతా ఇస్తే తీసుకుంది గానీ, డాలర్లని కెనడా డాలర్లు చేసి పంపింది. అమెరికా డాలర్ ఖాతా కదా, అందులో అవి పడవు. వెనక్కి పోయి తిరిగొచ్చేసరికి వారం దాటింది. ఆ వారమంతా టెన్షనే.

అప్పుడు అర్థమైంది అసలు విషయం. అమెరికా డాలర్లు పెట్టుకునే ఖాతా వేరు, అమెరికాలో ఉన్న ఖాతా వేరు. మొదటిది కెనడా బ్యాంకులోనే ఉంటుంది. అమెరికా లోపల బ్యాంకుల మధ్య చవగ్గా నడిచే ఏసీహెచ్ దారికి దానితో సంబంధం లేదు. రెండోది అమెరికా గడ్డ మీద, అక్కడి రూటింగ్ నంబర్‌తో ఉండే ఖాతా. మనకి కావలసింది ఈ రెండోది.

అది దొరకడం మనం భయపడినంత కష్టం కాదు. దానికి మనం కెనడా పెద్దవాళ్ళకి దణ్ణం పెట్టుకోవాలి. చలికాలం రాగానే ఫ్లోరిడాకో ఆరిజోనాకో ఎగిరిపోయే రిటైరైన వాళ్ళని ఇక్కడ స్నోబర్డ్స్ అంటారు. అక్కడి కరెంటు బిల్లులు, ఇంటి పన్నులు కట్టడానికి వాళ్ళకి అమెరికా ఖాతా కావాలి. అందుకే ఆర్‌బీసీ, టీడీ, బీఎంఓ, సీఐబీసీ లాంటి ఇక్కడి పెద్ద బ్యాంకులకి అమెరికాలో కూడా బ్యాంకులున్నాయి. అక్కడ ఇల్లు లేకపోయినా, సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకపోయినా, కెనడా చిరునామాతో ఖాతా ఇచ్చేవాళ్ళు వీళ్ళలో ఉన్నారు. అందరి షరతులూ ఒకటి కావు కాబట్టి నెలవారీ ఛార్జీ ఎంత, కనీస నిల్వ ఎంత అని ముందే అడగండి. "క్రాస్ బోర్డర్ ఖాతా" అంటే కౌంటర్లో వెంటనే అర్థమవుతుంది. "డాలర్ ఖాతా" అన్నారా, నాకిచ్చినట్టే ఇస్తారు.

ఆ ఖాతాని పేమెంట్ సైటుకి అమెరికా బ్యాంకుగా కలిపితే డాలర్లు డాలర్లుగానే దిగుతాయి. కలిపే ముందు ఒక్క పని చేయండి. సైటు ఫీజుల పేజీలో "అమెరికా బ్యాంకు ఖాతాకి విత్‌డ్రాయల్" అనే వరుస వెతకండి. కొన్ని దేశాల ఖాతాలకి అక్కడ కూడా శాతం లెక్కన ఫీజు పెట్టారు. అది ఉంటే ఈ శ్రమంతా దండగ.

బ్యాంకు వద్దనుకునేవాళ్ళకి వైజ్, పేయోనీర్ లాంటి డబ్బు పంపే కంపెనీలు ఉన్నాయి. వైజ్ పుట్టిన కథ మనలాంటి వాళ్ళ కథే. లండన్‌లో ఇద్దరు ఎస్టోనియా కుర్రాళ్ళు, తావెత్ హిన్రికుస్, క్రిస్టో కార్మన్. ఒకాయనకి జీతం యూరోల్లో వస్తే ఖర్చు పౌండ్లలో. ఇంకొకాయనకి జీతం పౌండ్లలో వస్తే ఇంటి అప్పు ఎస్టోనియాలో. బ్యాంకుకి ఇచ్చుకోవడమెందుకని వాళ్ళలో వాళ్ళే మార్చేసుకున్నారు. 2011లో దాన్నే వ్యాపారం చేశారు. మన అద్దె ఇళ్ళలో "నాకిక్కడ ఇవ్వు, మీ నాన్నకి అక్కడ మా నాన్న ఇస్తాడు" అనే పద్ధతిని ఇద్దరు తెల్లవాళ్ళు కంపెనీ చేశారంతే (మన పద్ధతి మాత్రం ఇండియా విదేశీ మారక చట్టం, అదే ఫెమా కింద తప్పు, మానుకోండి). వైజ్‌లో మీ పేరు మీద అమెరికా రూటింగ్ నంబర్, ఖాతా నంబర్ ఇస్తారు. మారకం అసలు రేటుకే చేసి, తమ ఫీజు విడిగా చూపిస్తారు, అది సాధారణంగా 1 శాతం లోపే. కొన్ని పేమెంట్ సైట్లు దీన్ని బ్యాంకు ఖాతాగా ఒప్పుకోవు, అదొక తలనొప్పి. ఇంకో సంగతి, ఇవి బ్యాంకులు కావు. ఇక్కడి బ్యాంకులో డిపాజిట్‌కి లక్ష డాలర్ల దాకా సీడీఐసీ బీమా ఉంటుంది, అమెరికా బ్యాంకులో 2,50,000 దాకా ఎఫ్‌డీఐసీ బీమా ఉంటుంది. వైజ్‌లో పెట్టినదానికి సీడీఐసీ బీమా లేదు. డబ్బు దాటించడానికి వాడండి, దాచుకోవడానికి కాదు.

సరే, డాలర్లు చేతికొచ్చాయి. ఇప్పుడు వాటిని మళ్ళీ మీ బ్యాంకులోనే కెనడా డాలర్లు చేస్తే? బ్యాంకులు కూడా చిన్న మొత్తాల మీద 2 శాతం, ఆ పైన కోస్తాయి. పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టే. అందుకే వీలైనంత వరకు మార్చకండి. సాఫ్ట్‌వేర్‌కి, వెబ్‌సైట్ల ఖర్చులకి ఆ అమెరికా ఖాతా కార్డుతోనే కట్టండి. ఇంటికి పంపేది కూడా ఆ డాలర్ల నుంచే నేరుగా రూపాయలకి పంపండి, మధ్యలో కెనడా డాలర్‌కి పని లేదు. అద్దెకి, కూరగాయలకి ఎంత కావాలో అంతే మార్చండి. పెద్ద మొత్తమైతే నార్బర్ట్ గాంబిట్ అని ఒక ఉపాయం ఉంది. నార్బర్ట్ ష్లెంకర్ అనే బ్రిటిష్ కొలంబియా పెట్టుబడి సలహాదారు పేరు మీద వచ్చింది. టొరంటో స్టాక్ ఎక్స్ఛేంజిలో డీఎల్ఆర్ అనే ఫండ్‌ని రెండు కరెన్సీల్లోనూ అమ్ముతారు. అమెరికా డాలర్లతో కొని, కెనడా డాలర్లకి అమ్మితే బ్రోకర్ కమీషన్ తప్ప పెద్దగా ఖర్చుండదు. కాకపోతే కొన్ని రోజులు పడుతుంది. 800 డాలర్లకి ఆ సర్కస్ అనవసరం. పదివేలకైతే చేయొచ్చు.

ఇంతా చెప్పాక ఆ అమ్మాయి అడిగింది, "ఇదంతా ఎందుకన్నయ్యా, మా బావగారు డాలస్‌లోనే ఉన్నారు. ఆయన ఖాతా ఇచ్చేస్తే?" అని. నేను చేతిలో గారె పక్కన పెట్టేశాను. ప్రతి పదిమందిలో ఎనిమిదిమంది ఈ మాట అడుగుతారు. వద్దమ్మా. మీ పేరు మీద ఉన్న పేమెంట్ ఖాతాకి వేరే పేరున్న బ్యాంకు కలిపితే, ఏదో ఒకరోజు వాళ్ళు ఆపేస్తారు, ఉన్న నిల్వతో సహా. అది సరే, బావగారి ఖాతాలో నెలనెలా డబ్బు పడుతుంటే అది ఆయన ఆదాయం కాదని అక్కడి పన్నుల వాళ్ళకి ఆయనే చెప్పుకోవాలి. హెచ్1బీ మీద ఉన్న మనిషైతే, ఇంకేదో పని చేస్తున్నాడేమోనన్న అనుమానం కూడా తగిలించినట్టే. 39 డాలర్ల కోసం అక్క కాపురంలో తగువు పెట్టుకుంటావా అన్నాను. నవ్వింది గానీ, అర్థమైంది.

అలాగే ఇండియా ఖాతాలు. ఆ అమ్మాయి పేపాల్ ఇంకా హైదరాబాద్ చిరునామా మీదే ఉంది, డబ్బు ఒకప్పటి ఆంధ్రా బ్యాంకు ఖాతాలోకి పోయేది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయినా మనవాళ్ళు ఇంకా పాత పేరుతోనే పిలుస్తారు, నేనూ అంతే. ఉద్యోగానికో స్థిరపడటానికో దేశం దాటాక ఆ సేవింగ్స్ ఖాతాని అలాగే ఉంచకూడదు, విదేశాల్లో ఉండేవాళ్ళకిచ్చే ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించాలి. ఇక్కడి సంపాదన పంపడానికి ఎన్ఆర్ఈ ఖాతా విడిగా తెరవాలి. పేపాల్‌లో దేశం మార్చే వీలు లేదు. పాతదాంట్లో నిల్వ ఖాళీ చేసి, మూసి, ఇక్కడ కొత్తది తెరవాలి. యూట్యూబ్ ఛానెల్ ఉన్నవాళ్ళకి కూడా ఇదే గొడవ. ఊళ్ళో తెరిచిన, ప్రకటనల డబ్బు వచ్చే యాడ్‌సెన్స్ ఖాతాకి దేశం మారదు, ఇక్కడ కొత్త పేమెంట్ ప్రొఫైల్ పెట్టి ఛానెల్‌ని దానికి కలపాలి. అమెరికా ప్రేక్షకుల నుంచి వచ్చే ఆదాయం మీద ఇండియా, అమెరికా పన్ను ఒప్పందం ప్రకారం 15 శాతం పట్టుకుంటారు. దేశం మారితే ఆ పన్ను ఫారం కూడా మార్చాలి.

పన్నుల సంగతి. పరాయి దేశంలో ఖాతా అంటే మనవాళ్ళకి స్విస్ బ్యాంకు గుర్తొస్తుంది. ఇందులో దాచేదేమీ లేదు. డబ్బు అమెరికా ఖాతాలోనే ఉండిపోయినా, కెనడాలో ఉంటూ చేసిన పనికి వచ్చిన ఆదాయం కెనడాలో చూపించాల్సిందే. దీనికి సొంత పని ఆదాయం రాసే టీ2125 ఫారం. పేమెంట్ సైటు ఫీజులు, సాఫ్ట్‌వేర్ చందా ఖర్చు కింద రాసుకోవచ్చు. రిటర్న్ వేయడానికి జూన్ 15 దాకా టైముంది గానీ, కట్టాల్సిన పన్నుకి గడువు ఏప్రిల్ 30. నా మొదటి ఏడాది జూన్ తేదీ చూసుకుని నిశ్చింతగా కూర్చుని వడ్డీ కట్టాను. సొంత పని కాబట్టి సీపీపీ, అంటే కెనడా పెన్షన్ పథకంలో ఉద్యోగి వాటా, యజమాని వాటా రెండూ మనవే. నాలుగు త్రైమాసికాల్లో అమ్మకం 30,000 డాలర్లు దాటితే జీఎస్‌టీ నమోదు చూసుకోవాలి. అమెరికా క్లయింటు డబ్ల్యూ-8 బెన్ ఫారం అడిగితే భయపడకండి, మీరు అమెరికా మనిషి కాదని చెప్పే కాగితం అది.

విదేశీ ఆస్తులు, ఖాతాలు అన్నీ కలిపి కొన్న ధర లక్ష కెనడా డాలర్లు ఏడాదిలో ఎప్పుడు దాటినా, వాటి వివరాలు చెప్పే టీ1135 ఫారం వేయాలి. మరిచిపోతే రోజుకి 25 డాలర్ల చొప్పున 2,500 దాకా జరిమానా. వీడియోల డబ్బుతో లక్ష ఎక్కడ దాటుతుంది అనుకుంటారు. కానీ ఊళ్ళో ఎన్ఆర్ఈ డిపాజిట్లు, అద్దెకిచ్చిన కూకట్‌పల్లి ఫ్లాటు కూడా ఇందులోకే వస్తాయి. ఇండియాలో ఎన్ఆర్ఈ వడ్డీకి పన్ను లేదు కదా అని ఇక్కడ రాయనివాళ్ళు బోలెడుమంది. ఇక్కడ ఉంది. వచ్చిన మొదటి ఏడాదికి మాత్రం ఈ టీ1135 నుంచి మినహాయింపు.

ఇంకొక్క మాట, వీసా గురించి. ఓపెన్ వర్క్ పర్మిట్ కాబట్టి ఆ అమ్మాయికి ఇబ్బంది లేదు. కాకపోతే ఇలా సొంతంగా చేసే పని కెనడియన్ ఎక్స్‌పీరియెన్స్ క్లాస్ అనే పద్ధతి కింద పీఆర్‌కి (శాశ్వత నివాసానికి) అనుభవంగా లెక్కకి రాదు. దాన్ని నమ్ముకుని ఉద్యోగం వెతకడం మానొద్దని చెప్పాను. అమెరికాలో ఎఫ్1 చదువు వీసా మీదున్న పిల్లలు ఇది చదివి ఇంటర్నెట్ పనులు మొదలుపెట్టకండి. మీకు పోయేది ఫీజు కాదు, వీసా.

పోయిన శనివారం ఆ అమ్మాయి ఫోన్ చేసింది. క్రాస్ బోర్డర్ ఖాతా వచ్చింది, రూటింగ్ నంబర్ 9 అంకెలూ సరిపోయాయట. నేను చెప్పినట్టే మొదట 20 డాలర్లు పంపి చూసింది, 20కి 20 పడ్డాయి. ఆ తర్వాత మిగతాది పంపింది. "కానీ అన్నయ్యా, వీళ్ళు నెలనెలా ఖాతా ఛార్జీ అని కొన్ని డాలర్లు పట్టుకుంటారట, ఏం చేద్దాం?" అంది. ఏడాదికి ఒకేసారి కడితే తగ్గిస్తారేమో సోమవారం అడిగి చూడమన్నాను.